సీటు జారే కార్బన్ సైకిలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సైకిలు సంరక్షణ గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే సమస్య గురించి ఉన్నాయి. కార్బన్ ఫైబర్ సైకిలులో సీటును మోసే గొట్టం, అంటే మెకానిక్కులు సీట్ పిల్లర్ అని, సైకిలిస్టులు సీట్‌పోస్ట్ అని పిలిచే భాగం, తొక్కుతుండగా కిందికి జారిపోవడమే ఆ సమస్య. మొదటి ఉత్తరానికి వివరంగా జవాబు రాశాను. మిగిలినవారు దాన్ని చదివాకే తమ జవాబు చదవాలని మనవి.

ప్రశ్న: ఆరు నెలల కిందట ఒక మిత్రుడు వాడిన కార్బన్ రోడ్ సైకిలు కొన్నాను. వారాంతాల్లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్ మీద తొక్కుతూ 200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే గడువులోగా పూర్తి చేయవలసిన దూర సైకిలు యాత్రకు, సాధన చేస్తున్నాను. బయలుదేరిన గంటలోపే సీటు దాదాపు ఒక సెంటీమీటరు దిగిపోతోంది. మా వీధి చివర మెకానిక్ పిల్లర్‌కు గ్రీజు రాసి గట్టిగా బిగించారు. మరుసటి వారం ఇంకా ఎక్కువ దిగింది. మరికొంచెం బిగించమని అడిగితే, విరుగుతుందేమోనని ఆయనే వెనక్కి తగ్గారు. పిల్లర్‌ను ఫ్రేముకు బిగించే పట్టీ, అంటే క్లాంపు మీద 5 ఎన్.ఎం. (న్యూటన్ మీటర్లు, బోల్టును తిప్పే బలానికి కొలత) అని ఉంది. పిల్లర్ కూడా కార్బన్‌దే. మోకాలి ముందు భాగంలో నొప్పి కూడా మొదలైంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, నార్సింగి, హైదరాబాదు

జవాబు: మీ మెకానిక్ వెనక్కి తగ్గడం వల్లే మీ ఫ్రేము ఇంకా క్షేమంగా ఉండి ఉండవచ్చు. ఆయనకు మీరు కృతజ్ఞతలు చెప్పాలి. గ్రీజు రాయడం కూడా ఆయన తెలివితక్కువతనం కాదు. ఉక్కు సైకిళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసినవారికి పిల్లర్‌కు గ్రీజు రాయడం మంచి అలవాటు, ఎందుకంటే ఇనుములో దిగిన ఇనుము వానకు తుప్పు పట్టి, ఒకదానికొకటి అతుక్కుపోకుండా ఆ గ్రీజే కాపాడుతుంది. అయితే ఉక్కు ఫ్రేములో క్లాంపును ఇంకొంచెం గట్టిగా బిగించినా గొట్టం తట్టుకుంటుంది కాబట్టి గ్రీజు వల్ల తగ్గిన పట్టును బిగింపుతో పూడ్చుకోవచ్చు. కార్బన్‌కు ఆ వెసులుబాటు లేదు.

కార్బన్ గొట్టం అంటే సన్నని నూలు పోగుల్లాంటి కార్బన్ పోగులను పొరలు పొరలుగా పేర్చి, ఎపాక్సీ రెసిన్‌తో గట్టిపరచిన వస్తువు. ఆ పోగులను పొడవునా లాగితే అపారమైన బలం చూపిస్తాయి, కానీ గొట్టాన్ని పక్కనుంచి ఒకేచోట నొక్కితే, ముఖ్యంగా క్లాంపు అంచు దిగబడేలా నొక్కితే, పొరల మధ్య రెసిన్ విడిపోతుంది. అల్యూమినియం అయితే ముందు సొట్టపడి, ప్రమాదం వస్తోందని కంటికి చూపిస్తుంది. కార్బన్ చాలాసార్లు పైకి నునుపుగానే ఉంటూ లోపల విడిపోతుంది. కొన్నేళ్ల కిందట ఒక పరిచయస్థుడు ఇలాగే జారుతున్న సైకిలును నా దగ్గరికి తెచ్చారు. క్లాంపు తీసి చూస్తే, ఫ్రేము నిలువు గొట్టానికి వెనకవైపు బిగింపు కోసం వదిలిన చీలిక ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా అక్కడినుంచి తల వెంట్రుకంత గీత కిందికి దిగి ఉంది. గోరు పెట్టి అడ్డంగా గీస్తే గోరు దానిలో చిక్కుకుంది. అది రంగులో వచ్చిన గీత అయితే గోరు జారిపోయేది. పిల్లర్ జారుతోందని నెలరోజులపాటు పొడవాటి అలెన్ కీతో బిగిస్తూ పోయిన ఫలితం అది. చివరికి జారడం ఆగలేదు, ఫ్రేము మాత్రం పోయింది.

కాబట్టి ఇక్కడ మనం పెంచవలసింది బిగింపు కాదు, పట్టు. రెండూ ఒకటే అనిపిస్తాయి కానీ కావు. పిల్లర్ జారకుండా ఆపేది దానికీ ఫ్రేము గోడకూ మధ్య పుట్టే రాపిడి. ఆ రాపిడి రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. క్లాంపు ఎంత బలంగా అదుముతోంది అన్నది ఒకటి, ఒరుసుకునే ఉపరితలాలు ఎంత గరుకుగా ఉన్నాయన్నది రెండోది. అదుముడుకు 5 న్యూటన్ మీటర్లని తయారీదారు హద్దు గీశారు. గరుకుదనానికి ఎవరూ హద్దు గీయలేదు. మీ సైకిలులో ప్రస్తుతం ఆ రెండు ఉపరితలాల మధ్య గ్రీజు ఉంది. ముందు దాన్ని పూర్తిగా తొలగించాలి.

పిల్లర్ తీసే ముందు సీటు ఎత్తును కొలిచి రాసుకోండి. రెండు పెడళ్ల కాడలనూ కలిపే, ఫ్రేములోని ఇరుసు మధ్యబిందువు నుంచి, నిలువు గొట్టం వెంబడే, సీటు పై అంచు వరకు కొలిస్తే సరిపోతుంది. మీ సీటు ఇప్పటికే దిగి ఉంది కాబట్టి, దిగకముందు ఉన్న ఎత్తు గుర్తు లేకపోతే, మడమను పెడలు మీద ఉంచి పెడలును పూర్తిగా కిందికి తెచ్చినప్పుడు కాలు తిన్నగా చాచినట్టు వచ్చే ఎత్తును ఆరంభంగా తీసుకోండి. మోకాలి ముందు భాగంలో నొప్పికి సీటు తక్కువగా ఉండటం ఒక సాధారణ కారణం. ప్రతి తొక్కుడుకూ మోకాలు అవసరానికి మించి ముడుచుకుని, మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎత్తు సరిచేసిన రెండు మూడు వారాల్లో నొప్పి తగ్గకపోతే వైద్యులకు చూపించుకోండి.

తరువాత క్లాంపు బోల్టు వదులు చేసి, పిల్లర్‌ను మెలితిప్పకుండా నిదానంగా పైకి తీయండి. ఎలక్ట్రానిక్ గేర్లున్న కొన్ని సైకిళ్లలో బ్యాటరీ ఈ పిల్లర్ లోపలే ఉంటుంది, మీది అలాంటిదైతే తీగను లాగకండి. మెత్తని పాత నూలు గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి పిల్లర్‌ను తుడవండి. ఫ్రేము లోపలి గోడను తుడవడానికి అదే గుడ్డను ఒక చెక్క పుల్లకు చుట్టండి. మొదటి గుడ్డ నల్లగా, రెండోది బూడిద రంగులో వస్తుంది, గుడ్డ తెల్లగా వచ్చేవరకు మార్చి మార్చి తుడవాలి. గ్రీజు లోపలికి ఎంతవరకు పోయిందో మొబైల్ టార్చి వేసి చూడండి, పిల్లర్ దిగినంత మేరా అది ఉంటుంది. కిరోసిన్, పెట్రోలు వాడకండి, అవి గ్రీజును కరిగించినా తామే ఒక జిడ్డు పొరను వదిలిపోతాయి. థిన్నర్ అసలే వద్దు, రంగునూ దాని కింది పూతనూ తినేస్తుంది. ఆల్కహాల్‌ను గొట్టంలో పోయడం కూడా మంచిది కాదు, అది కిందున్న బేరింగుల్లోకి దిగుతుంది.

ఉపరితలాలు శుభ్రమయ్యాక రాయవలసింది కార్బన్ అసెంబ్లీ పేస్టు. సైకిలు దుకాణాల్లో దీన్ని గ్రిప్ పేస్టు అని కూడా అంటారు. ఫినిష్ లైన్, పార్క్ టూల్, మక్-ఆఫ్ వంటి పలు సంస్థలు తయారు చేస్తాయి, ఎవరిదైనా పని అదే. చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తే, జెల్లీలో సన్నని ఇసుక రవ్వ కలిపినట్టు తగులుతుంది. ఆ రవ్వలే పిల్లర్‌కూ ఫ్రేముకూ మధ్య చిక్కుకుని, రెండింటిలోనూ కొద్దికొద్దిగా నాటుకుని జారకుండా ఆపుతాయి. పిల్లర్ లోపలికి దిగే భాగమంతటా, ఫ్రేము లోపలి గోడ పైభాగంలోనూ పలుచగా రాస్తే చాలు. మందంగా రాసినంత మాత్రాన పట్టు పెరగదు. పేస్టు రాశాక పిల్లర్‌ను పైకీ కిందికీ ఆడించవద్దు, పై పూత మీద గీతలు పడతాయి. అందుకే దించవలసిన చోట ముందుగానే చిన్న టేపు ముక్క అంటించుకుని, తిన్నగా అంతవరకే దించండి.

ఇప్పుడు బోల్టు. చాలామంది దీన్ని పట్టించుకోరు, కానీ నా అనుభవంలో సగం సమస్య ఇక్కడే ఉంటుంది. టార్క్ రెంచి కొలిచేది మనం తిప్పే బలాన్ని. పిల్లర్‌ను అదిమే బలాన్ని అది కొలవదు. బోల్టు మీద మనం పెట్టే శ్రమలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికీ, మరో నలభై శాతం మరల మధ్య రాపిడికీ ఖర్చవుతుందనీ, బోల్టును నిజంగా సాగదీసి క్లాంపును బిగించేది పదో వంతు మాత్రమేననీ యంత్రశాస్త్రంలో ఒక స్థూలమైన లెక్క ఉంది. ఆ పదో వంతుతోనే 5 మిల్లీమీటర్ల బోల్టు సుమారు 500 కిలోల బరువు వేలాడదీసినంత బిగువుకు వస్తుంది. మరల్లో తుప్పో, ఎండిన చెమట ఉప్పో, మట్టో ఉంటే రాపిడి పెరిగి ఆ పదో వంతులోంచే కొంత పోతుంది. అప్పుడు రెంచి 5 దగ్గర టక్కుమని చెప్పినా క్లాంపు మాత్రం సరిపడా అదమదు. కాబట్టి బోల్టును పూర్తిగా విప్పి, మరలను పాత టూత్‌బ్రష్‌తో తోమి, మరల మీదా తల కిందా కొంచెం గ్రీజు రాయండి. మీ మెకానిక్ రాసిన గ్రీజు రాయవలసిన చోటు ఇదే. తుప్పు తినేసిన బోల్టును మార్చేయండి.

క్లాంపును బోల్టు లేకుండా ఒకసారి పరీక్షగా చూడండి. బిగించినప్పుడు దాని రెండు చెవులూ ఒకదానికొకటి ఆనుకుంటున్నాయా? ఆనుకుంటే మీరు బిగించేదంతా ఆ చెవులే మోస్తున్నాయి, పిల్లర్‌కు ఏమీ అందడం లేదు. క్లాంపు ఆ ఫ్రేముకు పెద్దదైనప్పుడు, లేదా పిల్లర్ సన్నదైనప్పుడు ఇలా జరుగుతుంది. మీది వాడిన సైకిలు కాబట్టి పిల్లర్ దానితో వచ్చినదేనా అని మీ మిత్రుడిని అడగండి. వెర్నియర్ కాలిపర్‌తో మూడు చోట్ల వ్యాసం కొలవండి. 27.2, 30.9, 31.6 మిల్లీమీటర్లు సాధారణంగా కనిపించే కొలతలు. 27.2 ఉండవలసిన చోట 27.0 పిల్లర్ దిగి ఉంటే, చేతితో కదిపినప్పుడు తేడా తెలియదు, కానీ ఏ పేస్టూ దాన్ని నిలబెట్టలేదు.

అన్నీ సరిగ్గా ఉంటే ముందు 4 న్యూటన్ మీటర్లకు బిగించండి. పేస్టు ఉన్నప్పుడు చాలాసార్లు అదే చాలు. క్లాంపుకు రెండు బోల్టులుంటే ఒకదాని తరువాత ఒకటి, కొద్దికొద్దిగా బిగించాలి. క్లాంపుకు సరిగ్గా 10 మిల్లీమీటర్ల పైన పిల్లర్ మీద సన్నని ఇన్సులేషన్ టేపు చుట్టి, స్కేలుతో కొలిచి, ఐదు కిలోమీటర్లు తొక్కి రండి, దారిలో ఒకటి రెండు స్పీడ్ బ్రేకర్లను సీటు మీద కూర్చునే దాటండి. తిరిగి వచ్చాక కొలిస్తే 10 మిల్లీమీటర్లే ఉంటే పని అయినట్టే. 9 వస్తే 4.5 కు, ఆ తరువాత 5 కు వెళ్లండి. 5 దగ్గర కూడా దిగుతుంటే అక్కడితో ఆపి, పైన చెప్పిన కొలతలను మళ్లీ చూడండి. 5.5 అనే ఆలోచనే రానివ్వకండి. టేపు దూరం మారకుండా సీటు మాత్రం వాలిపోతుంటే, జారుతున్నది పిల్లర్ కాదు, దాని తలమీద సీటు కమ్మీలను పట్టుకునే బిగింపు. అది వేరే బోల్టు, దాని మీద వేరే అంకె రాసి ఉంటుంది.

ప్రశ్న: పిల్లర్ కొంచెం వదులుగా ఉంటే కూల్‌డ్రింక్ డబ్బా రేకును ముక్క కత్తిరించి చుట్టాలని ఒక స్నేహితుడు చెప్పాడు. ఆయన సైకిలుకు అలా చేసి ఏడాదైంది. నా కార్బన్ ఫ్రేముకు చేయవచ్చా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు. డబ్బా రేకు మందం మిల్లీమీటరులో సుమారు పదో వంతు. ఒక చుట్టు చుడితే పిల్లర్ వ్యాసం దాదాపు 0.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి ఉక్కు ఫ్రేముల్లో ఈ ఉపాయం నిజంగానే పనిచేస్తుంది. మీ స్నేహితుడి ఫ్రేము ఏ లోహందో అడగండి. కార్బన్‌లో కత్తెరతో తెగిన రేకు అంచు కత్తి అంచులాగే ఉంటుంది. ఆ అంచు ఉన్న గీత వెంట క్లాంపు ఒత్తిడంతా ఒకేచోట పడి పోగులను కోస్తుంది. రేకు చివరలు ఒకదానిమీదొకటి ఎక్కినచోట మందం రెట్టింపవుతుంది, అక్కడ గొట్టం మీద ఒత్తిడి మరింత పడుతుంది. అదీకాక, కార్బన్‌కు తగిలి ఉన్న అల్యూమినియం చెమట తగిలితే ఏమవుతుందో తరువాతి జవాబులో చూడండి. పిల్లర్ వదులుగా ఉంటే సరైన వ్యాసమున్న పిల్లర్ కొనడమే దానికి మందు. 31.6 ఫ్రేములో 27.2 పిల్లర్ పెట్టాలన్నట్టు తేడా పెద్దదైతే, ఆ కొలతకే గొట్టంలా తయారుచేసిన షిమ్ములు దొరుకుతాయి. షిమ్ము లోపలా బయటా రెండు వైపులా పేస్టు రాయాలి. దాని పొడవు కూడా తయారీదారు అడిగినంత ఉండాలి, పొట్టి షిమ్ము మీద పిల్లర్ ముందుకూ వెనక్కూ ఊగి, దాని కింది అంచు దగ్గర ఫ్రేమును తినేస్తుంది.

గరుకుకాగితంతో పిల్లర్‌ను రుద్దడం, టూత్‌పేస్టు రాయడం, ఫెవిక్విక్ చుక్కలు వేయడం గురించి కూడా మీరు అడిగారు. మొదటిది పోగులను తెంపుతుంది, రెండోది ఎండి పొడి అయిపోతుంది, మూడోది చేస్తే ఆ పిల్లర్‌ను మళ్లీ క్షేమంగా బయటికి తీయలేరు.

ప్రశ్న: నాది కార్బన్ ఫ్రేము, అల్యూమినియం పిల్లర్. రోజూ ఉదయం బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు వెళ్లి వస్తాను. రెండేళ్లు పిల్లర్‌ను ముట్టుకోలేదు. మొన్న సర్వీసింగులో అది ఎంతకూ రాలేదు, ఇద్దరు పట్టుకుని మెలితిప్పితే వచ్చింది. దాని మీద సున్నంలాంటి తెల్లని పొడి పేరుకుని ఉంది. ఎమరీ కాగితంతో రుద్ది నునుపు చేసి పెట్టారు. అప్పటినుంచి జారుతోంది. ఇంతకాలం జారనిది ఇప్పుడెందుకు జారుతోంది?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ తెల్లని పొడి మీ పిల్లర్‌లోని అల్యూమినియమే. కార్బన్‌కు విద్యుత్తును ప్రసరింపజేసే గుణం ఉంది. అల్యూమినియం, కార్బన్ ఒకదానికొకటి తగులుతూ మధ్యలో ఉప్పునీరు చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేసి, అల్యూమినియం కొద్దికొద్దిగా కరిగి ఆక్సైడు పొడిగా మారుతుంది. మీకు ఉప్పు రెండు వైపుల నుంచి వస్తోంది: సముద్రపు గాలి నుంచీ, సీటు కిందికి కారే చెమట నుంచీ. ఆక్సైడు పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మొదట పిల్లర్ బిర్రబిగుసుకుపోయింది. రెండేళ్లు జారకపోవడానికి కారణం మంచి బిగింపు కాదు, ఆ తుప్పే. ఎమరీతో రుద్దినప్పుడు పొడితోపాటు లోహమూ, దాన్ని కాపాడుతున్న ఆనోడైజింగ్ పొరా పోయాయి. ఇప్పుడు పిల్లర్ సన్నబడింది, రక్షణ పోయి పచ్చి అల్యూమినియం బయటపడింది. పేస్టుతో కొన్నాళ్లు నిలబడవచ్చు గానీ, పాత తుప్పు ఇంకా వేగంగా తిరిగి వస్తుంది. కొత్త పిల్లర్ తీసుకోండి. కార్బన్‌దైతే ఈ బాధే ఉండదు.

అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఇద్దరు కలిసి మెలితిప్పినప్పుడు ఆ బలమంతా మీ ఫ్రేము నిలువు గొట్టం మీద పడింది. కొన్ని ఫ్రేముల్లో ఆ చోట లోపల అల్యూమినియం తొడుగు అతికించి ఉంటుంది, అది ఊడివచ్చే అవకాశమూ ఉంది. గొట్టం లోపలా బయటా తుడిచి, టార్చి వెలుగులో చూడండి. ఒక దూది ఉండను ఉపరితలం మీద మెల్లగా రుద్దితే, పోగు తెగినచోట దూది పీచు చిక్కుకుంటుంది. నాణెంతో గొట్టం పొడవునా తట్టండి. మంచి చోట టక్ టక్‌మని తేటగా పలికే గొట్టం, పొరలు విడిపోయినచోట మూగగా పలుకుతుంది. మీ ఫ్రేము పై గొట్టం మీద, దెబ్బ తగలని చోట, ముందుగా కొట్టి విని ఆ శబ్దాన్ని చెవిలో ఉంచుకోండి, మందం మారినచోట శబ్దం సహజంగానే మారుతుంది కనుక తొందరపడి భయపడవద్దు. అనుమానం మిగిలితే కార్బన్ మరమ్మతు తెలిసినవారికి చూపించేదాకా ఆ సైకిలు ఎక్కకండి. ఇకమీదట రెండు మూడు నెలలకొకసారి పిల్లర్‌ను తీసి, తుడిచి, కొత్త పేస్టు రాసి పెట్టండి. ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిలును ఉన్నచోటే తొక్కేందుకు నిలిపే స్టాండు మీద, తొక్కే అలవాటుంటే సీటు కింద ఒక తువ్వాలు చుట్టండి, గాలి లేని గదిలో కారే చెమట సముద్రపు గాలి కంటే ఎక్కువ హాని చేస్తుంది.

ప్రశ్న: నా సైకిలుకు బయట క్లాంపు లేదు. పిల్లర్ గుండ్రంగా కాకుండా వెనక బల్లపరుపుగా ఉంటుంది. పై గొట్టంలో దాగి ఉన్న చిన్న బోల్టు బిగిస్తే లోపల ఒక చీల పిల్లర్‌ను నొక్కుతుంది. పేస్టు రాసి, చెప్పినంత టార్కుకే బిగించినా నెలకు రెండు మూడు మిల్లీమీటర్లు దిగుతోంది. కిర్రుమనే శబ్దం కూడా వస్తోంది.
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ఇలాంటి అమరికలో రెండు వాలు ముక్కలు ఒకదానిమీదొకటి జారుతూ విచ్చుకుని పిల్లర్‌ను నొక్కుతాయి. కాబట్టి చీలకు రెండు రకాల ముఖాలున్నాయి. ఒకదానిమీదొకటి జారవలసిన వాలు ముఖాలకు, బోల్టు మరలకు గ్రీజు కావాలి. పిల్లర్‌కు తగిలే ముఖానికి పేస్టు కావాలి. చాలామంది చీలను తీసి మొత్తం పేస్టులో ముంచి పెడతారు. అప్పుడు వాలు ముఖాలు రవ్వలతో బిగుసుకుపోయి, బోల్టు తిరిగినా చీల విచ్చుకోదు. మీ సంస్థ ఇచ్చిన సూచనలో దీనికి భిన్నంగా ఉంటే మాత్రం వారు చెప్పినట్టే చేయండి, టార్కు అంకె కూడా సంస్థకూ సంస్థకూ మారుతుంది. చీల నొక్కినప్పుడు పిల్లర్ ఎదుటి గోడకు ఆనుకుంటుంది కాబట్టి ఆ గోడను కూడా తుడిచి పేస్టు రాయాలి, ఎక్కువమంది మరిచిపోయేది అదే. పిల్లర్ మీద చీల పడిన ముద్ర చూడండి. ముద్ర అంతటా సమంగా ఉంటే చీల సరిగ్గా కూర్చుంది. ఒక అంచునే మెరుపు కనిపిస్తే అది వంకరగా పడి, ఆ అంచుతోనే మోస్తోంది, ఆ కిర్రుమనే శబ్దమూ అక్కడినుంచే రావచ్చు. ముఖం అరిగిన చీలను విడిగా కొనుక్కోవచ్చు. ఇన్ని చేసినా దిగుతుంటే, సైకిలు వారంటీలో ఉండగానే తారీకులు, కొలతలు రాసుకుని దుకాణానికి తీసుకెళ్లండి. నెలకు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో అంకెల్లో చూపిస్తే వారు కాదనడం కష్టం.

ప్రశ్న: మా ఊళ్లో టార్క్ రెంచి ఉన్న దుకాణం లేదు. కొనాలంటే ఖరీదెక్కువ. చేతి అంచనాతో బిగించవచ్చా?
— ఒక విద్యార్థి, జగిత్యాల

జవాబు: అంచనా వద్దు. సామాను తూచే కొక్కెం త్రాసు ఇంట్లో ఉంటే దానితో పని నడుస్తుంది. 5 న్యూటన్ మీటర్లంటే సుమారు 51 కిలో-సెంటీమీటర్లు. బోల్టు మధ్య నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్ల దూరంలో అలెన్ కీకి కొక్కెం తగిలించి, కీకి సరిగ్గా లంబకోణంలో లాగుతూ త్రాసు 5.1 కిలోలు చూపించగానే ఆపితే 5 న్యూటన్ మీటర్లయినట్టు. 4 కావాలంటే 4.1 కిలోల దగ్గర ఆపాలి. మీ కీ పొట్టిదై 8 సెంటీమీటర్ల దగ్గరే కొక్కెం పట్టుతుంటే 51ని 8తో భాగించండి, సుమారు 6.4 కిలోలు వస్తుంది. కోణం తప్పితే లెక్క తప్పుతుంది కాబట్టి ఒకరు లాగుతుంటే మరొకరు పక్కనుంచి కోణం చూడటం మంచిది. కొక్కెం జారకుండా కొలత దగ్గర కీకి దారం చుట్టండి. త్రాసు సరైనదేనా అన్నది కిలో పప్పు పొట్లం వేలాడదీసి ముందే చూసుకోండి. మరలు శుభ్రం చేయకుండా ఈ లెక్క చేసి ప్రయోజనం లేదు. నలుగురైదుగురు స్నేహితులు సైకిళ్లు తొక్కేవారుంటే అందరూ కలిసి ఒక చిన్న టార్క్ రెంచి కొనడం ఇంకా మేలు. వాడాక దాన్ని కనిష్ఠ అంకెకు తిప్పి దాచండి, లేకపోతే లోపలి స్ప్రింగు తప్పుడు లెక్క చెప్పడం మొదలుపెడుతుంది.

ప్రశ్న: 300 కిలోమీటర్ల బ్రెవేలో సగం దూరంలో, రాత్రిపూట, సీటు దిగడం మొదలైతే ఏం చేయాలి? గడువు 20 గంటలే కదా, ఆగి మరమ్మతు చేసే సమయం ఉండదు.
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: పది నిమిషాలు ఆగండి, ఆ పది నిమిషాలు మీ మోకాళ్లకు మిగులుతాయి. బయలుదేరే ముందే మీ సరైన ఎత్తు దగ్గర పిల్లర్ మీద టేపు గుర్తు ఉండాలి, చీకట్లో ఎత్తు అంచనా కట్టడం కుదరదు. చిన్న పేస్టు పొట్లం, ఇన్సులేషన్ టేపు, అలెన్ కీలు, పొడి గుడ్డ ముక్క సంచిలో ఉంచుకోండి. దారిలో పిల్లర్‌ను పూర్తిగా తీసి, పొడి గుడ్డతో తుడిచి, పేస్టు రాసి, గుర్తు దగ్గర పెట్టి, మీ చేతికి ఇంట్లో అలవాటైన బిగింపు వరకే బిగించండి. ఆ స్పర్శ చేతికి తెలియాలంటే ఇంటి దగ్గర టార్క్ రెంచితో బిగించిన ప్రతిసారీ, చివర్లో అలెన్ కీని ముట్టించి ఆ బిగువు ఎలా ఉందో గమనించడం అలవాటు చేసుకోవాలి. తరువాత క్లాంపుకు ఆనుకుని పైన టేపును బిగుతుగా పది పన్నెండు చుట్లు చుట్టండి. అది పిల్లర్‌ను ఆపలేకపోయినా, దిగడాన్ని నెమ్మది చేస్తుంది, ఎంత దిగిందో చేతితో తడిమితే తెలుస్తుంది. అప్పటికీ దిగుతుంటే తేలిక గేరులో తొక్కుతూ, గుంతల దగ్గర సీటు మీంచి కొంచెం లేస్తూ, ప్రతి కంట్రోల్ పాయింటు (దారిలో హాజరు నమోదు చేసే చోటు) దగ్గరా పైకి లాగి సరిచేసుకుంటూ పూర్తి చేయవచ్చు. అయితే పైకి లాగేటప్పుడు, పిల్లర్ కనీసం ఎంతవరకు ఫ్రేము లోపల ఉండాలో చూపే కనిష్ఠ లోతు గీత క్లాంపు పైకి రాకుండా చూసుకోండి. ఆ గీత ఫ్రేము బయటికి వచ్చాక కూర్చుంటే పిల్లర్ కొన ఫ్రేము గోడను లోపలినుంచి గునపంలా పొడుస్తుంది. చటుక్కుమని శబ్దం వినిపించినా, సీటు ఒక్కసారిగా దిగినా, పిల్లర్ చేతితో కదిలినా వెంటనే దిగి, ఆ రాత్రికి ప్రయాణం అక్కడితో ఆపి, నిర్వాహకులకు ఫోన్ చేయండి.